లాజరస్ మావయ్య డోలు

నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా అమ్మ చిన్నప్పటినుంచీ తిడుతూనే ఉంది. కానీ మొన్న డిసెంబరులో కొంప ముంచింది నా నోరు కాదు, నా బొటనవేలు.

గురువారం సాయంత్రం బడి అయ్యాక చింతపల్లిలో నా అద్దె గదికి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. ఫోను మోగింది. కామేష్ ఏదో వీడియో పంపాడు. కామేష్ నా డిగ్రీ క్లాస్‌మేటు, ఇప్పుడు చింతపల్లికీ లంబసింగికీ మధ్య సర్వీసు జీపు నడుపుతున్నాడు. ఇల్లు దులుపుతుంటే పాత ఫోను తాలూకు మెమరీ కార్డు దొరికిందట. వీడియో నొక్కి చూసి, ఒక కాలికి చెప్పుతోనే మంచం మీద కూలబడ్డాను. మా ఫైనలియర్ యానివర్సరీ! పదేళ్ళు దాటిపోయింది. వరసలో చేతులు పట్టుకుని ధింసా ఆడుతున్న నలభై మంది ఆడపిల్లలం. మధ్యలో బక్కగా, రెండు జడలేసుకుని నేను. పక్కన మెడలో డోలు తగిలించుకుని, కళ్ళు మూసుకుని వాయిస్తున్నవాడు స్తెఫను.

స్తెఫను, కామేష్, నేను. ఆ ఏడాదంతా ముగ్గురం ఒకే బెంచీ. ఒకే ఇయర్‌ఫోన్స్ ఉండేవి మాకు. ఒక చెవిది నాకు, ఒక చెవిది కామేష్‌కి. స్తెఫనుకి పాట వినిపించక్కర్లేదు, మా తలలు ఊగే తీరు చూసి బెంచీ మీద దరువు పట్టేసేవాడు. వేళ్ళు ఆగేవి కావు వాడికి. టిఫిను డబ్బా, హాస్టలు బకెట్టు, జీపు టాపు, ఆఖరికి ఎగ్జామ్ హాల్లో అట్ట కూడా. ఎకనామిక్స్ సారు పాఠం ఆపి "ఎవడ్రా ఆ చప్పుడు?" అంటే బెంచీ మొత్తం లేచి నిలబడేది. చలికాలం పొద్దున్నే హాస్టల్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. స్నానం ఎగ్గొట్టి ల్యాబు వెనకాల ఎండలో నిలబడి, స్తెఫను గోడ మీద వాయిస్తుంటే నేనూ కామేష్ పాడేవాళ్ళం. నా గొంతు కాకిగొంతే. అయినా ఎవరికి లెక్క! అంత సంతోషం మళ్ళీ నాకు దొరకలేదు, ఇది నిజం.

యానివర్సరీ రోజున డోలు వాయించడానికి వస్తానన్న మనిషి జ్వరమొచ్చి రాలేదు. నేను ఏడుపు లంకించుకున్నాను. స్తెఫను కామేష్‌ని పక్కకు పిలిచి ఏదో చెవిలో చెప్పాడు. వాడు బండేసుకుని స్తెఫను వాళ్ళ ఊరి పైనున్న ఎగువ రాళ్ళగెడ్డకు వెళ్ళి, సోమన్న తాత దగ్గర్నుంచి ఒక డోలు తెచ్చాడు. స్తెఫను దాన్ని మెస్సులో పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాడు. మంటకు మూరెడు దూరంలో పట్టుకుని మెల్లగా తిప్పుతూ, వేలితో కొట్టి చూస్తూ, తోలు బిగిసేదాకా వెచ్చబెట్టాడు. నేను నోరెళ్ళబెట్టాను.

"ఒరే, చర్చి గుంటడివి. ఇవన్నీ నీకెవడు నేర్పినాడురా?" అన్నాను.

"సూసి నేర్సుకున్నానే," అని నవ్వేశాడు.

ఇదంతా గుర్తొచ్చి గురువారం నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆలోచించలేదు. 'మా బంగారు రోజులు. మా స్తెఫనుగాడి డోలు చూడండ్రా' అని రాసి, నాలుగు గుండెకాయలు పెట్టి, వీడియోని స్టేటస్‌లో పడేశాను. పడేసి హాయిగా నిద్రపోయాను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం బడి వరండాలో పిల్లలకు అన్నాలు వడ్డిస్తుంటే గేటు దగ్గర కృపావతత్త కనిపించింది. స్తెఫను వాళ్ళమ్మ. ఎప్పుడూ ఫోను చెయ్యకుండా రాదు. 

"ఏటే గుంటా, ఏటి సేసినావే!" అంది, కూర్చోమన్నా కూర్చోకుండా.

"ఏటైందత్తా?"

"ఏటైందా? ఆదోరం నా కొడుకు పాస్టరవుతున్నాడని నీకు తెల్దేటి? కార్డిచ్చినాను కదే నీకు!"

తెలుసు. కార్డు నా బీరువాలోనే ఉంది. కానీ ఆ కార్డుకీ ఈ వీడియోకీ ముడి పెట్టుకోవాలన్న బుద్ధి నాకు లేకపోయింది. నేను ఆ సంఘం మనిషిని కాదు, మా ఇంట్లో అమ్మవారే. అందుకే వాళ్ళకి డోలంటే ఏమిటో నా తలకెక్కలేదు. అత్త చెప్పాక ఎక్కింది. ముప్పై ఏళ్ళ కిందట రాళ్ళగెడ్డలో పదకొండు కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి. ఆ రోజు ఇంటింటివాళ్ళూ అమ్మవారి పండగల్లో తాము కొట్టిన డోళ్ళు తెచ్చి, చర్చి ముందు కుప్పపోసి కాల్చేశారు. ఇక ఈ చేతులతో డోలు ముట్టం అని ఒట్టు పెట్టుకున్నారు. అందరికన్నా ముందు తన డోలు మంటలో వేసినవాడు స్తెఫను వాళ్ళ నాన్న లాజరస్ మావయ్య. ఆ చుట్టుపక్కల అంత బాగా వాయించేవాడు లేడట. ఆయన పోయి మూడేళ్ళయినా, ఏటా సంఘం పండగలో ఆ కథ చెప్పకుండా ప్రసంగం ముగియదు.

"నీ వీడియో ధనరాజు పెద్దయ్య ఫోన్లోకి ఎల్లింది," అంది అత్త. ధనరాజు ఆ సంఘానికి పెద్ద. ఆ రోజు డోళ్ళకి నిప్పు పెట్టిందీ ఆయనే. "లాజరస్ కొడుకు డోలు కొట్టినాడా అని మండిపడ్డాడు. ఆదోరం అందరి ముందూ తప్పొప్పుకోవాలంట. ఆ డోలు తెచ్చి, తండ్రి కాల్సినట్టే కాల్సాలంట. లేపోతే పాస్టరు మాటే నేదు."

"అన్యాయం అత్తా! ఎప్పుడో కాలేజీలో కొట్టింది!"

"ఆగు. ఇంకా ఉంది." అత్త కొంగు ముడిలోంచి ఫోను తీసింది. నా వీడియోని ఒకచోట ఆపి ఉంచింది. డోలు పక్కకు తిరిగినచోట, చెక్క మీద గుండ్రంగా ఒక రేకు ముక్క మెరుస్తోంది. "ఇదేటో తెలుసా నీకు? పౌడరు డబ్బా మూత. పెళ్ళైన కొత్తలో నా డబ్బా మూతే ఇది. డోలు బీటిచ్చిందంటే నానే ఇచ్చినాను. మీ మావయ్య నా ఎదురుగా కూకుని నాలుగు మేకులు కొట్టినాడు. సూడు, నాలుగో మేకు వంకర."

చూశాను. వంకరే.

"మరి నా కళ్ళముందు కాలిందేటే స్వర్ణా?"

 చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఒక పిల్లవాడు "టీచర్, సాంబారు" అని మూడుసార్లు అన్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

అత్త అప్పుడు కూలబడింది. "పోయేదాకా ఇన్నేళ్ళు నా పక్కన పడుకుని నాకు సెప్పనేదు. అబద్ధం ఆడినాడా నా మొగుడు? దేవుడి ముందు, ఊరి ముందు? ఇప్పుడు నిజం సెప్తే సచ్చినోడి పేరు పోతాది. సెప్పకపోతే నా కొడుకు వాళ్ళ నాన్న డోలు తన సేత్తో కాలుస్తాడు. నన్నేటి సెయ్యమంతావు?" అని నా చెయ్యి పట్టుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి, "ఎవరికీ సెప్పకు. నీ నోరు నాకు తెలుసు," అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

స్తెఫనుకి ఫోను చేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అదే ఎక్కువ బాధ.

"అది మావయ్య డోలని నీకు తెలుసేంట్రా?" అన్నాను.

"తెలుసు. మిరియాలు సూసొత్తామని నాన్న నన్ను ఎగువకు తీసుకెళ్ళేవోడు. సోమన్న తాత ఇంట్లో తలుపేసుకుని నేర్పేవోడు. అమ్మకి సెప్పకని ఒట్టేయించుకున్నాడు."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"కాల్చేస్తాను. నాన్న పేరు నేను పోగొట్టలేను స్వర్ణా. డోలే పోనీ." మళ్ళీ తనే, "నువ్వూ కామేషూ తెచ్చిపెట్టండి. నేను దాన్ని మోసుకుని కిందకు దిగలేను," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద, ధనరాజు మీద, అన్నిటికన్నా ఎక్కువ నా మీద. ఆ నాలుగు గుండెకాయలు గుర్తొస్తే నా వేలు నేనే కొరుక్కోవాలనిపించింది. కానీ పుట్టించిన గొడవ నాదే. తెస్తానన్నాను.

శనివారం పొద్దున్న కామేష్ సర్వీసు మానేసి జీపు తెచ్చాడు. రోడ్డు ఆగిపోయినచోట బండి వదిలేసి, కాఫీ తోటల మధ్య నుంచి గంటసేపు ఎక్కాం. దారిపొడుగునా నేను వాణ్ణి తిట్టాను, వాడు నన్ను తిట్టాడు. "పంపింది నువ్వు." "నే పంపింది నీకు, ఊరికి కాదు." ఇదే గోల.

ఎగువ రాళ్ళగెడ్డలో ఇప్పుడు మూడే ఇళ్ళు. చివరిది సోమన్న తాతది. మిగతావాళ్ళు బాప్తిస్మం తీసుకుని కిందకు దిగిపోతే ఆయన అమ్మవారితోనే పైన ఉండిపోయాడు. డోళ్ళు చెయ్యడం, తోలు బిగించడం ఆయన పని. ఎనభై దాటి ఉంటాయి. పొయ్యి దగ్గర గొంగడి కప్పుకుని కూర్చుని, మేం చెప్పిందంతా విన్నాడు. కాలుస్తారట తాతా అన్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత లేచి, మూలనున్న నిచ్చెన తెచ్చి అటకకు ఆనించాడు. "ఎక్కమ్మా," అన్నాడు నాతో.

ఎక్కాను. పొగచూరిన చీకటి. కళ్ళకు అలవాటు పడేసరికి ఒక డోలు కనిపించింది, దాని మీద పౌడరు డబ్బా మూత. దాని పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. వరసగా దూలానికి తాళ్ళతో వేలాడుతున్నాయి. తాళ్ళు బిగువుగా, తోళ్ళు నున్నగా, ఆముదం వాసనతో. వేలు పెట్టి లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను.

పదకొండు.

"ఓలమ్మో!" అని అరిచి నిచ్చెన మీంచి జారబోయాను. కామేష్ నా కాళ్ళు పట్టుకున్నాడు. "ఏటే? పామా?" అన్నాడు.

"నువ్వే ఎక్కి చూడరా," అని దిగిపోయాను. వాడు ఎక్కి, చూసి, నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు.

సోమన్న తాత పొయ్యి ఎగదోస్తూ చెప్పాడు. "అప్పుడు ఒక్కొక్కడే వచ్చినాడు. ఒకడొచ్చినట్టు ఇంకొకడికి తెల్దు. 'నా ఒక్కడిదే దాసిపెట్టు సోమన్నా, నా సేతుల్తో కాల్సలేను' అన్నాడు ప్రతోడూ. ఆ నెలంతా జీలుగు మొద్దులు తొలిసి, పనికిరాని తోళ్ళు కట్టి, పదకొండు ఉత్త డోళ్ళు సేసిచ్చినాను. అవే కాలినాయి."

"మరి ఇన్నేళ్ళూ వీటిని..."

"వర్షాల్లో తోలు నెమ్ముతాది కదా. దింపి పొయ్యి దగ్గర వెచ్చబెట్టి, ఆముదం రాసి, తాళ్ళు బిగించి మళ్ళీ కడతాను. ఏటేటా ఇదే పని. అప్పుడప్పుడూ ఒక్కొక్కడు వస్తాడు. అగ్గిపెట్టుందా సోమన్నా అంటాడు. అటక కింద కూకుని, పైకి సూసి ఎల్లిపోతాడు. సగం మంది సచ్చిపోనారు. నేనూ పోతే వీటిని ఎవరు సూస్తారమ్మా?"

నాకు కన్నీళ్ళాగలేదు. కామేష్ ముక్కు చీదాడు, జలుబన్నాడు.

"ఏది ఎవరిది తాతా?" అన్నాను.

"సెప్పను. మాటిచ్చినాను." ఆయన లేచి, నిచ్చెన ఎక్కి, ఎంత వద్దన్నా వినకుండా తనే ఒక డోలు దింపాడు. దాని మీద పౌడరు డబ్బా మూత లేదు. తాళ్ళ దగ్గర చిన్న ఇత్తడి కడియం వేలాడుతోంది. "రేపు నిప్పెట్టేది ధనరాజేనా?"

"ఆయనే."

"అయితే ఇదట్టుకెల్లండి," అన్నాడు. నేను డోలు వైపూ ఆయన ముఖం వైపూ మార్చి మార్చి చూశాను.  తాత గొంగడి సర్దుకుంటూ, "నానేటీ సెప్పనేదు," అన్నాడు.

కిందకు దిగుతున్నప్పుడు నా బొటనవేలు ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు. ఒక్క ఫోటో, ఒక్క స్టేటస్, పదకొండు ఇళ్ళూ బజార్న పడతాయి. ఫోను తీసి కామేష్ చేతికిచ్చాను. "ఆదివారం అయ్యేదాకా ఇవ్వకు. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు," అన్నాను. కానీ భయం మాత్రం వదల్లేదు. ధనరాజు గుండె రాయి చేసుకుని దాన్ని మంటలో పడేస్తే? తర్వాత మూత ఉన్నదాన్ని కూడా తెమ్మంటే? స్తెఫనుకి మేం రెండుసార్లు ద్రోహం చేసినట్టే.

ఆదివారం చర్చి నిండిపోయింది. బయట ముంగిట్లో కట్టెలు పేర్చి నిప్పు పెట్టారు. ఆ చలికి జనం మంట చుట్టూ చేరారు. ముందు వరసలో సంఘం ముసలాళ్ళు ఐదుగురు, ఆనాడు డోళ్ళు కాల్చినవాళ్ళలో మిగిలినవాళ్ళు, కుర్చీల్లో కూర్చున్నారు. స్తెఫను తెల్లచొక్కాలో, తల వంచుకుని నిలబడ్డాడు. వాడి వేళ్ళు ప్యాంటు మీద కదలడం లేదు. ఆ వేళ్ళు ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

దుప్పట్లో చుట్టిన డోలు తెచ్చి మేం మంట పక్కన పెట్టాం. ధనరాజు పెద్దయ్య లేచాడు. పొడుగాటి మనిషి, తెల్ల మీసాలు, కంచు గొంతు. లాజరస్ మావయ్య గొప్పతనం మొదలుపెట్టాడు. ఎలా అందరికన్నా ముందు వచ్చాడో, ఎలా కంట తడి పెట్టకుండా డోలు మంటలో వేశాడో. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

చెప్పడం అయ్యాక ఆయన వంగి దుప్పటి లాగాడు.

లాగి, అలాగే వంగి ఉండిపోయాడు. చెయ్యి ఇత్తడి కడియం మీద ఆగిపోయింది.  స్తెఫను డోలు చూసి, నన్ను చూసి నోరు తెరిచాడు. అత్త మూత కోసం వెతికి, అది కనపడక, నా వైపు పిచ్చిదానిలా చూసింది. నేను నాలుక కొరుక్కుని నిలబడ్డాను. జీవితంలో అంతసేపు నోరు మూసుకోలేదు నేను.

"ఇది... ఇది ఆ డోలు కాదు," అన్నాడు ధనరాజు. కంచు గొంతు ఎటుపోయిందో, పక్కనున్న మాకే వినపడలేదు సరిగ్గా.

"అయితే ఎవరిది పెద్దయ్యా?" అన్నాను.

ఆయన నా కళ్ళలోకి చూశాడు.  డోలు రెండు చేతులతో ఎత్తుకుని మంట వైపు నడిచాడు. అయిపోయింది, పడేస్తున్నాడు అనుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మంట చిటపటలాడటం వినిపించింది. అంతే, ఇంకేమీ వినపడలేదు. కళ్ళు తెరిచాను.

ధనరాజు మంటకు మూరెడు దూరంలో డోలు పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. కాస్త తిప్పి, వేలితో తోలు మీద తట్టి, చెవి ఒగ్గి విని, మళ్ళీ తిప్పుతున్నాడు. చేతులు వాటంతట అవే పనిచేస్తున్నాయి. కళ్ళనుంచి నీళ్ళు మీసాల్లోకి కారుతుంటే తుడుచుకోవడం లేదు. కుర్రకారుకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ముసలాళ్ళకి అర్థమైంది. కుర్చీల్లోంచి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

డోలు ఖంగుమంది. ఆయన నా వైపు తిరిగాడు.

"వర్షాల్లో దీన్ని ఎవరు ఆరబెట్టినారమ్మా?" అన్నాడు.

"సోమన్న తాత," అన్నాను. అక్కడ ఆగవలసింది. నా నోరు కదా, ఆగలేదు. "పదకొండిటినీ ఆయనే."

ముసలాళ్ళు నిర్ఘాంతపోయారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఐదుగురిలో ఒక్కరు కూడా "పదకొండేమిటి?" అని అడగలేదు. ఒకాయన మాత్రం మళ్ళీ కుర్చీలో కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ధనరాజు డోలుని ఎడమ చంకలో పెట్టుకున్నాడు. "స్తెఫనూ, ఇలా వచ్చి మోకాళ్ళూను. ప్రార్థన మొదలుపెడదాం," అన్నాడు. కుడి చెయ్యి వాడి తల మీద పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. ఆ మాటలు నాకేమీ తలకెక్కలేదు. స్తెఫను వేళ్ళే చూస్తున్నాను. తొడ మీద చూపుడువేలు ఒకటి మెల్లగా కదిలింది, తర్వాత రెండోది.

కృపావతత్త ఎప్పుడు వచ్చిందో మా వెనక నిలబడి ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుని, నన్ను కాదు, కామేష్‌ని అడిగింది.

"రేపు నీ జీపు ఖాళీయేనేటిరా? నన్ను బేగి ఎగువకు తీసుకెళ్ళాల."